నా లివర్ బాగానే ఉంది, నా 'గాన్' బాగాలేదు

ఏప్రిల్ మొదటి వారం. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌ఝౌలో గోడలకు చెమటలు పట్టే రోజులు. ఇక్కడివాళ్లు దాన్ని 'హ్వే నాన్ త్యెన్' అంటారు. దక్షిణం నుంచి తేమగాలి వచ్చి, చలికాలమంతా చల్లబడి ఉన్న గోడల మీదా నేల మీదా నీళ్లై కారుతుంది. బట్టలు ఆరవు. అద్దం తుడిచిన నిమిషానికే మళ్లీ మసకేస్తుంది. ఆ వారంలోనే నాకు కుడివైపు పక్కటెముకల కింద ఏదో బిగుసుకున్నట్టు మొదలైంది. నొప్పి అనలేను. లోపల ఎవరో పిడికిలి బిగించి వదలడం మర్చిపోయినట్టు ఉండేది.

నా పని గుడ్డలు చూసిపెట్టడం. హైఝూ జిల్లాలోని ఝోంగ్‌దా బట్టల మార్కెట్‌లో తానులు తిరగేయడం, శాంపిళ్లు కత్తిరించి పంపడం, అద్దకం యూనిట్లతో రంగుల గురించి గొడవపడటం. ఏప్రిల్ 15న కాంటన్ ఫెయిర్ మొదలవుతుంది. 1957 నుంచి జరుగుతున్న సంత అది. వసంతంలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. ఆ రోజుల్లో నాలాంటివాళ్లకు రాత్రికీ పగలుకీ తేడా ఉండదు. కొనేవాళ్లు వేరే వేరే దేశాల్లో ఉంటారు కాబట్టి అర్ధరాత్రి దాకా కాల్స్. తొమ్మిదిన్నరకు ఏదో నూనె ఓడేది ఆర్డర్ చేసుకుని తినడం, పన్నెండున్నరకు పడుకోవడం, సరిగ్గా రెండింటికి మెలకువ రావడం. మెలకువ వచ్చాక మనసులో ఎవరో ఒకరితో వాదన.

కడుపు ఉబ్బరం, నెలసరికి వారం ముందే రొమ్ముల్లో సలపరం, చిన్న మాటకే పిల్ల మీద కేకలు. ఇవన్నీ ఒకే తాడుకు కట్టినవని నాకు తట్టలేదు. ఒకరోజు మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది. "అమ్మా, ఎందుకు అస్తమానం ఉస్సురంటావ్?" నేను ఉస్సురంటున్న సంగతి నాకే తెలీదు.

మా పైఅంతస్తులో ఉండే ఆయీ (ఇక్కడ పెద్దావిడలను అలా పిలుస్తాం) నన్ను లిఫ్ట్‌లో చూసి, నా మొహం చూసి, "గాన్" అంది. చైనీస్‌లో గాన్ అంటే లివర్. ఎవరికైనా బాగా కోపం వస్తే 'గాన్ నిప్పు కదిలింది' అంటారు. మామూలు మాట అది, డాక్టర్లు మాత్రమే వాడేది కాదు. ఆయీ నన్ను అడగలేదు, శనివారం పొద్దున్నే వచ్చి తలుపు కొట్టి తను చూపించుకునే సంప్రదాయ వైద్యం ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఈ పోస్టు అసలు ఎందుకు రాస్తున్నానంటే, వెళ్లేముందు నేను ఇంటర్నెట్‌లో చదివినదంతా ఒక దిక్కు, అక్కడ విన్నది మరో దిక్కు. 'లివర్ డీటాక్స్' అని మనం చదివేదానికీ చైనా వైద్యంలో గాన్‌ను చూసుకోవడానికీ పెద్దగా పొంతన లేదు.

డాక్టరమ్మకు అరవై దాటి ఉంటాయి. రిజిస్ట్రేషన్‌కు 30 యువాన్లు కట్టి గంటన్నర కూర్చున్నాక నా వంతు వచ్చింది. ముందు కుడి మణికట్టు, తర్వాత ఎడమ, మూడేసి వేళ్లు పెట్టి చాలాసేపు కళ్లు మూసుకుంది. నాలుక చాపమంది. నాలుక అంచులు ఎర్రగా ఉన్నాయట. వాళ్ల లెక్కలో నాలుక పక్కలు గాన్‌కు చెందినవి. నాడి 'షియెన్' అంది. అంటే బిగించిన తీగలాంటి నాడి. వేలు కింద వీణ తీగ తగిలినట్టు ఉంటుందట. తర్వాత ప్రశ్నలు. ఎన్నింటికి మెలకువ వస్తోంది? నిట్టూర్పులు ఎక్కువా? చేతిగోళ్లు విరుగుతున్నాయా? కళ్లు పొడిబారుతున్నాయా? గొంతులో ఏదో అడ్డుపడినట్టు, మింగితే దిగక, కక్కితే రాక ఉంటుందా?

ఆ చివరి ప్రశ్నకు నేను కుర్చీలో ముందుకు జరిగాను. మూడు నెలలుగా అదే ఉంది, ఎవరికీ చెప్పలేదు. క్యాన్సరేమో అని రాత్రుళ్లు భయపడ్డాను. దానికి వాళ్ల దగ్గర పేరే ఉంది, ప్లమ్ పండు గింజతో పోల్చి 'మెయ్ హ చీ' అంటారు. గొంతులో ప్లమ్ గింజ ఇరుక్కున్నట్టు ఉండే బిగింపు. పేరు వినగానే సగం భయం పోయింది.

కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. ఇది ముఖ్యం, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. మందు రాయకముందే లివర్ ఫంక్షన్ టెస్టుకీ, హెపటైటిస్ బి టెస్టుకీ, పొట్ట అల్ట్రాసౌండ్‌కీ పంపింది. గొంతు కూడా ఒకసారి చూపించుకుని రమ్మంది. ఇక్కడ సంప్రదాయ వైద్యం ఆసుపత్రుల్లో ల్యాబ్, స్కానింగ్ అన్నీ ఉంటాయి. నేను ఆశ్చర్యపోతే ఆవిడ అంది: "నేను గాన్ అంటే నీ కడుపులో ఉన్న ఆ ముద్ద ఒక్కటే కాదు. ఆ ముద్ద బాగుందో లేదో యంత్రం చెప్పాలి. నా వేళ్లు చెప్పవు." రిపోర్టులన్నీ మామూలుగానే వచ్చాయి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, కాళ్లు వాయడం లాంటివి ఉన్నవాళ్లు ఈ పోస్టు చదివి టీలు కాచుకోకండి. ముందు రక్తపరీక్ష.

మరి గాన్ అంటే ఏమిటి? రెండువేల ఏళ్లనాటి వాళ్ల మూలగ్రంథం శరీరాన్ని ఒక రాజ్యంగా చూస్తుంది. అందులో గుండె రాజు, గాన్ సేనాపతి. ఎత్తులు వేసేది, ఎటు కదలాలో చూసేది అదే. అది రక్తాన్ని దాచిపెడుతుంది, ఒంట్లో 'చీ' అనే చలనం ఎక్కడా ఆగకుండా నడిపిస్తుంది. పంచభూతాల్లాంటి వాళ్ల లెక్కలో అది చెట్టు. దాని ఋతువు వసంతం, దాని భావం కోపం, దాని కిటికీ కళ్లు. చెట్టుకు కావలసింది పైకీ పక్కకీ పెరిగే చోటు. చోటు లేకపోతే ముడతలు పడి లోపలికి తిరుగుతుంది. నాకు రాసిన రోగం పేరు 'గాన్ చీ యూ జ్యే', అంటే గాన్ నడిపే చలనం ముడిపడిపోవడం. ముడి ఎక్కువకాలం ఉంటే వేడెక్కుతుంది, నిప్పవుతుంది. తలనొప్పి, ఎర్రబడిన కళ్లు, నోట్లో చేదు అప్పుడు వస్తాయి. నాది ఇంకా అంతదాకా రాలేదంది.

ఉబ్బరం సంగతి అడిగాను. చెట్టు వేళ్లు నేలను పీల్చేస్తాయి కదా, అలాగే గాన్ బిగుసుకుంటే మొదట దెబ్బతినేది జీర్ణాన్ని చూసే 'పీ'. అందుకే పాతకాలం వైద్యులు గాన్‌కు జబ్బు వస్తే ముందు పీని బలపరచమన్నారు. అంటే నా లివర్ కోసం ఏం తినాలి అని నేను వెళ్తే, ఆవిడ నా జీర్ణశక్తి గురించి మాట్లాడింది. నాకు అన్నిటికంటే నచ్చిన మాట ఇదే.

ఇప్పుడు నేను చేసిన తప్పుల సంగతి. గ్వాంగ్‌ఝౌలో వీధికో లియాంగ్ చా అంగడి ఉంటుంది. చేదు మూలికల కషాయం, గ్లాసుల్లో అమ్ముతారు. 2006లో చైనా దాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చింది. ఎండలు మండే రోజుల్లో ఒక గ్లాసు తాగితే ప్రాణం లేచొస్తుంది, నిజమే. నేను రెండు వారాల పాటు రోజూ తాగాను, లివర్‌కు చేదు మంచిదని. విరేచనాలు పట్టుకున్నాయి, ఒళ్లు నీరసించింది. అది ఒంట్లో నిప్పు ఉన్నవాళ్లకు. నాలాగా ముడి మాత్రమే ఉండి, జీర్ణం బలహీనంగా ఉన్నవాళ్లకు చల్లటి చేదు ఇంకా చేటు.

రెండో తప్పు పులుపు. 'పులుపు గాన్‌లోకి వెళ్తుంది' అని ఎక్కడో చదివి, పొద్దున్నే పరగడుపున నిమ్మరసం, మధ్యాహ్నం ఎండబెట్టిన ప్లమ్‌లు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పులుపు గాన్‌లోకి వెళ్లేమాట నిజమే, కానీ వెళ్లి అది చేసే పని ముడుచుకునేలా చేయడం. చింతపండు నోట్లో వేసుకుంటే బుగ్గలు ఎలా లోపలికి పోతాయో అలా. చెమటలు కారిపోయేవాళ్లకు, గాన్‌లో రక్తం తక్కువైనవాళ్లకు కాస్త పులుపు మేలు. ఇప్పటికే బిగుసుకున్నదాన్ని ఇంకా బిగించడం దేనికి? టాంగ్ రాజుల కాలం నాటి వైద్యుడు సున్ సిమియావ్ వసంతంలో పులుపు తగ్గించి తీపి పెంచమన్నాడు. ఆ తీపి చక్కెర కాదు. బియ్యం, కొర్రల్లాంటి చిరుధాన్యాలు, గుమ్మడికాయ, ఎర్ర ఖర్జూరం లాంటి జూజూబ్, నమిలితే తియ్యబడేవన్నీ. ముడి విప్పేది మాత్రం సువాసన. పుదీనా, ఉల్లికాడలు, కొత్తిమీర, ఎండిన కమలా తొక్క.

ఆ కమలా తొక్కను 'చెన్ పీ' అంటారు. ఇక్కడికి దగ్గరలోనే, జియాంగ్‌మెన్‌లోని షిన్‌హ్వే దానికి పేరుపడ్డ ఊరు. ఎన్నేళ్లు నిల్వ ఉంటే అంత విలువ. ఆయీ తన బీరువాలోంచి పాత సీసా ఒకటి తెచ్చి, గోధుమరంగుకు తిరిగిన మూడు తొక్కలు ఇచ్చింది. మూత తీస్తే ఇల్లంతా వాసన. చిన్న ముక్క నానబెట్టి, లోపలి తెల్లటి పొర గీకేసి, జావలో వేస్తాను. ఉబ్బరం మీద నాకు కళ్లకు కనబడేంత పని చేసినది ఇదొక్కటే.

జావ అంటే ఒక పాలు బియ్యం, పది పాళ్లు నీళ్లు, సన్నసెగ మీద గింజ విచ్చుకుని కరిగేదాకా. అందులో షాన్ యావ్ దుంప ముక్కలు. (ఆ దుంప చెక్కేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోండి. జిగురు తగిలి దురద పుడుతుంది, మొదటిసారి నేను గంటసేపు చేతులు గోక్కున్నాను.) పొద్దున ఇదే టిఫిన్. మధ్యాహ్నం అన్నం, ఆవిరికి పెట్టిన చేప, పాలకూరో సెలరీనో ఏదో ఒక ఆకుకూర. పచ్చి సలాడ్‌లు వద్దంది, కూరలు వేడివేడిగా తినమంది. పచ్చిమిర్చి పూర్తిగా మానమనలేదు, వేపుళ్లూ మద్యం మాత్రం మానమంది. మద్యం విషయంలో ఏ వైద్యమైనా అదే చెబుతుంది.

టీల గురించి అందరూ అడుగుతారు కాబట్టి. పని రోజుల్లో మధ్యాహ్నం ఐదారు ఎండు గులాబీ మొగ్గలు వేడినీళ్లలో. షాండోంగ్‌లోని పింగ్‌యిన్‌వి బాగుంటాయి. ఈ మొగ్గలు రక్తాన్ని కదిలిస్తాయంటారు, అందుకే కడుపుతో ఉన్నవాళ్లు, నెలసరి ఎక్కువయ్యేవాళ్లు తాగకూడదంది. స్క్రీన్ చూసి చూసి కళ్లు మండిన రోజు చామంతి, దాంట్లో పది గోజీ పండ్లు. చామంతి చలవ, కడుపు నిలవనివాళ్లు తగ్గించాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్లు గోజీ జోలికి వెళ్లకూడదు, రెండూ కలిస్తే రక్తస్రావం కావచ్చు.

ఇంకో హెచ్చరిక. చింగ్‌పింగ్ మార్కెట్‌లో మూలికల అంగళ్ల వెంట తిరుగుతుంటే, జుట్టు రాలుతోందన్న నాతో ఒకాయన హె షౌ వూ అనే వేరు కొనమన్నాడు, గాన్‌కు బలమని. డాక్టరమ్మకు ఫోటో చూపిస్తే మొహం మారిపోయింది. ఆ వేరు వాడి నిజమైన లివర్ పాడైనవాళ్ల కేసులు ఎన్నో నమోదయ్యాయి. గాన్‌కు బలమని పేరున్నది లివర్‌కు విషం కావచ్చు. మూలిక కదా ఏం చేస్తుందిలే అనే మాట మనందరం మానెయ్యాలి. ఆవిడ నాకు రాసింది షియావ్ యావ్ సాన్, సోంగ్ రాజుల కాలం నుంచి ఉన్న మూలికల మిశ్రమం. ఆరు వారాలు, ఆవిడ కనుసన్నల్లో. పేరుకు అర్థం హాయిగా తిరగడం. దాని పాళ్లు ఇక్కడ రాయను, నాడి చూసి మార్చి ఇచ్చేది అది.

నిద్ర సంగతి నాకు కష్టమైంది. వాళ్ల లెక్కలో రోజుకు పన్నెండు జాములు. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట వరకు పిత్తాశయానిది, ఒంటిగంట నుంచి మూడింటి వరకు గాన్‌ది. మనిషి పడుకుంటే రక్తం గాన్‌కు తిరిగొస్తుందని పాత మాట. ఈ గడియారాన్ని నేను అక్షరాలా నమ్ముతానా అంటే చెప్పలేను. కానీ పదకొండుకు ముందు పడుకున్న రోజులకూ, పడుకోని రోజులకూ తేడా నా పక్కటెముకలకు తెలుసు. కొనేవాళ్లందరికీ మెసేజ్ పెట్టాను, మా టైమ్‌లో రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ ఉండవని. ఒక్కరు కూడా వెళ్లిపోలేదు. ఇన్నేళ్లు ఎవరి కోసం మేలుకున్నానో అర్థం కాలేదు.

రాత్రి భోజనం ఏడులోపు. కడుపు పది పాళ్లయితే ఏడు పాళ్లే నింపాలి, ఇది ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట.

వీటన్నిటికంటే పెద్ద మాట రెండోసారి వెళ్లినప్పుడు వచ్చింది. ఏం తింటున్నావో అంతా రాసుకుని రమ్మంటే, రాసుకుని వెళ్లాను. ఆవిడ కాగితం చూసి బాగుందని, "తినేటప్పుడు ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది. నేను ఆలోచించాను. ఎవరితోనూ కాదు, ఫోన్‌తో. వీచాట్‌లో అద్దకం యూనిట్‌వాళ్లతో. ఆ నెల ఒక యూనిట్ పంపిన నీలం తానులు శాంపిల్‌కు రెండు ఛాయలు తేడాగా వచ్చాయి. లైటు తేడా వల్ల అలా కనిపిస్తోందని వాళ్లు. వాళ్లతో ఇంకా పని ఉంది కాబట్టి నేను "పర్లేదు, చూద్దాం" అంటూ వచ్చాను. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో ఫోన్. ప్రతి వాయిస్ మెసేజ్‌కూ ఒక ముద్ద మింగుతూ. మూడు వారాలు.

"అన్నంతో పాటు అదీ మింగావు" అంది ఆవిడ. మామూలుగానే అంది, తిట్టినట్టు కాదు.

మనం కూడా కోపాన్ని దిగమింగుకోమంటాం. దిగమింగింది ఎక్కడికి పోతుందో మన మాట చెప్పదు. వీళ్ల వైద్యం చెబుతోంది, గాన్‌లోకి అని. నేను బయట నిలబడి ఆయీ మందులు తీసుకునేదాకా ఏడ్చాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను, ఎవరో నా మూడు వారాలను నాడి పట్టి చదివేసినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం యూనిట్‌కు మెసేజ్ రాశాను. కేకలు లేవు. పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి తీసిన ఫోటోలు, మీటర్ల లెక్క, మళ్లీ అద్దాలి లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి. రెండు రోజులకు మళ్లీ అద్దుతామని ఒప్పుకున్నారు. అప్పటినుంచి గిన్నె ముందు కూర్చుంటే ఫోన్ సొరుగులో ఉంటుంది. కోపంగా ఉంటే అరగంట ఆగి తింటాను, చల్లారినా సరే, మళ్లీ వేడి చేసుకుని.

ఒళ్లు కదిలించడం గురించి క్లుప్తంగా. లీవాన్ సరస్సు పార్కులో పొద్దున ఆరున్నరకు పెద్దవాళ్లు బా ద్వాన్ జిన్ చేస్తారు, ఎనిమిది కదలికల వ్యాయామం. నేను ఆదివారాలు వెళ్తాను, మిగతా రోజులు ఇంట్లో. ఏడో కదలిక నాకిష్టం. కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్నట్టు వంగి, పిడికిలి నెమ్మదిగా ముందుకు చాపుతూ కళ్లు పెద్దవి చేసి ఉరిమి చూడాలి. కళ్లూ, కండరాలను ఎముకలకు కట్టే స్నాయువులూ గాన్‌వి కాబట్టి ఆ చూపు దానికోసమే. డెబ్బై ఏళ్ల పెద్దమనుషులు వరసగా నిలబడి సరస్సు వైపు ఉరిమి చూస్తుంటే, నేనూ వాళ్ల మధ్య నిలబడి నీలం తానులను తలుచుకుని ఉరిమి చూస్తాను. రాత్రి పడుకునేముందు పాదం మీద బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఎముకలు కలిసే గుంటలో తాయ్ చోంగ్ అనే చోట వేలితో ఒత్తుతాను, ఒక్కో కాలికి మూడు నిమిషాలు. మొదట్లో అక్కడ ముట్టుకుంటేనే ప్రాణం పోయేది.

వీటిలో ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. తొందరగా తిని తొందరగా పడుకున్నందుకే సగం తగ్గి ఉండొచ్చు. గొంతులో గింజ ఐదో వారానికి పోయింది. ఉబ్బరం అంతకుముందే. రెండింటి మెలకువ వారానికి ఒకసారి ఇంకా వస్తుంది. అప్పుడు లేచి 'ష్యూ' అని నోటితో నెమ్మదిగా గాలి వదులుతాను. ఆరు శబ్దాల పద్ధతిలో గాన్‌కు చెప్పిన శబ్దం అది. ఉస్సురనడానికి దగ్గరగానే ఉంటుంది, కాకపోతే కావాలని చేసేది.

ఆరు వారాలయ్యాక మందు ఆపేసిన రోజు డాక్టరమ్మ మళ్లీ నాడి చూసింది. చాలాసేపు. "ఇంకా తీగే. కాస్త వదులైంది" అంది. అక్టోబర్ సంతకు ముందు ఒకసారి రమ్మంది. చీటీలో మందు పేర్లేమీ లేవు, కింద ఒకే వాక్యం ఉంది. ఇంటికొచ్చి ఆయీతో చదివించుకున్నాను. రాత్రి పదకొండులోపు పడుకో, తినేటప్పుడు ఫోన్ వద్దు.